మీ గీతకు అప్పీలు లేదు, అందుకే ముసాయిదా గురించి ఈ ఉత్తరం

రాబోయే నియోజకవర్గాల పునర్విభజన సంఘం అధ్యక్షులకు, సభ్యులకు,

నమస్కారం. ఆ కుర్చీల్లో ఎవరు కూర్చుంటారో తెలియకుండానే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎవరు కూర్చున్నా నేను చెప్పేది మారదు.

డీలిమిటేషన్ అనగానే మా దగ్గర అందరి నోటా ఒకటే లెక్క: దక్షిణాదికి ఎన్ని సీట్లు పోతాయి, ఉత్తరాదికి ఎన్ని పెరుగుతాయి? ఆ టెన్షన్ ఊరికే పుట్టింది కాదు. 1961 జనాభా లెక్కల తర్వాత ఆంధ్రప్రదేశ్ లోక్‌సభ సీట్లు 43 నుంచి 41కి, మద్రాసు రాష్ట్రం సీట్లు 41 నుంచి 39కి తగ్గాయి. 1971 లెక్కలతో మనకు ఒకటి తిరిగొచ్చి 42 అయ్యాయి. 1976లో 42వ సవరణ ఆ అంకెను కదలనివ్వకుండా కట్టేసింది. 2001లో ఆమోదించిన 84వ సవరణ ఆ కట్టును 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించింది. కుటుంబ నియంత్రణను సరిగ్గా అమలు చేసిన రాష్ట్రాల గొంతు తగ్గించడం అన్యాయమనే నేనూ అంటాను. కానీ రాష్ట్రానికి ఎన్ని సీట్లన్న సూత్రం రాజ్యాంగంలో, పార్లమెంటు చేసే చట్టంలో ఉంటుంది. మీరు దాన్ని లెక్కగట్టి అమలు చేస్తారంతే. కాబట్టి ఆ పోట్లాట ఎంపీలతో పెట్టుకుంటాం. మీతో మాట్లాడాల్సింది గీత గురించి. ఏ ఊరు ఏ నియోజకవర్గంలోకి వెళ్తుంది, ఏ సీటు రిజర్వ్ అవుతుంది అన్నవి మీ చేతిలో పని. సీట్ల సంఖ్య మీద గంటలకొద్దీ వాదించుకునే మేం, ఈ గీతను మాత్రం అంతా అయిపోయాక పేపర్లో చూసి తెలుసుకుంటాం.

మీ ఉత్తర్వుకున్న బలం మామూలుది కాదు. గెజిట్‌లో అచ్చయ్యాక అది చట్టంతో సమానం. లోక్‌సభ ముందు, శాసనసభ ముందు పెడతారు కానీ అక్కడ ఎవరూ ఒక్క అక్షరం మార్చడానికి వీల్లేదు. కోర్టుకు వెళ్దామంటే రాజ్యాంగం 329వ అధికరణం అడ్డు. ఉజ్జయిని సీటును ఎస్సీ రిజర్వ్‌డ్ చేయడం మీద ఒకాయన వేసిన కేసులో 1966లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. పూర్తిగా ఏకపక్షంగా, రాజ్యాంగ విలువలకు విరుద్ధంగా ఉంటే మాత్రం కోర్టులు చూడొచ్చని 2024లో అదే కోర్టు అంది. అది సన్నటి సందే, ఓ ఊరివాళ్లు దూరగలిగేది కాదు. ఆలోచించండి, రెండు సెంట్ల స్థలం మీద తహసీల్దారు ఇచ్చిన ఆర్డరు నచ్చకపోతే ఆర్డీవో దగ్గరికి వెళ్లొచ్చు, ఆయన కాదంటే ఇంకా పైకి వెళ్లొచ్చు. ఇరవై ముప్పై ఏళ్లపాటు మా ఎమ్మెల్యే ఎవరో నిర్ణయించే గీత మీద ఆ దారి లేదు.

అలా ఉండటం తప్పని అనను. ప్రతి నియోజకవర్గం మీదా కేసులు నడిస్తే ఎన్నికలే జరగవు. కానీ అప్పీలు లేని తీర్పు ఇచ్చేవాళ్లు, తీర్పుకు ముందు వాదనలు మరింత ఓపిగ్గా వినాలి కదా. 2002 నాటి చట్టం ప్రకారం మీరు ముసాయిదా ప్రచురించాలి, అభ్యంతరాలకు గడువివ్వాలి, బహిరంగ విచారణ జరపాలి. మాకున్న కోర్టు ఆ ముసాయిదా దశ ఒక్కటే. దాన్ని మొక్కుబడి తంతుగా మార్చొద్దని అడగడానికే ఈ ఉత్తరం.

పోయినసారి గీత ఏం చేసిందో గుర్తుచేస్తాను. జస్టిస్ కుల్‌దీప్ సింగ్ సంఘం 2001 జనాభా లెక్కలు పట్టుకుని కూర్చుంది. ఉమ్మడి రాష్ట్రం జనాభా 7 కోట్ల 62 లక్షలు, అసెంబ్లీ సీట్లు 294. అంటే సీటుకు సగటున 2 లక్షల 59 వేలు. దానికి పది శాతం అటూ ఇటూ ఉండొచ్చన్నారు. 2008 ఫిబ్రవరిలో ఉత్తర్వులు అమల్లోకి వచ్చాయి, 2009 ఎన్నికలు కొత్త హద్దుల్లో జరిగాయి. ఎస్సీ అసెంబ్లీ సీట్లు 39 నుంచి 48కి, ఎస్టీ సీట్లు 15 నుంచి 19కి పెరిగాయి. పీవీ నరసింహారావు రెండుసార్లు గెలిచిన హన్మకొండ లోక్‌సభ సీటు మాయమైంది. సిద్దిపేట, మిర్యాలగూడ, తెనాలి, బొబ్బిలి, పార్వతీపురం, భద్రాచలం కూడా పార్లమెంటు పటంలోంచి పోయాయి. మల్కాజిగిరి, చేవెళ్ల, జహీరాబాద్, భువనగిరి, అరకు వచ్చాయి. కొండంత ఉన్న ఖైరతాబాద్ అసెంబ్లీ సీటు ముక్కలైంది. ఇందులో చాలా మార్పులు అవసరమైనవే. అయితే ఫలానా మండలాన్ని ఇటు కాకుండా అటు ఎందుకు వేశారని ఇవాళ ఎవరైనా అడిగితే, చూపించడానికి ఒక కాగితం ఉండాలి. గెజిట్ తిరగేస్తే ఊళ్ల పేర్లు, మండలాల పేర్లు దొరుకుతాయి. ఎందుకన్నది దొరకదు.

ఆ సమానత్వం ఎన్నాళ్లు నిలిచిందో కూడా చూడండి. లోక్‌సభ సీటుకు సగటున 18 లక్షల జనాభా అనుకుని మల్కాజిగిరిని గీశారు. 2024 ఎన్నికలకల్లా అక్కడ ఓటర్లే 37 లక్షలు దాటారు, పిల్లల లెక్క అందులో లేదు. 2023 తెలంగాణ ఎన్నికల్లో శేరిలింగంపల్లిలో ఓటర్లు 7 లక్షలకు పైన, భద్రాచలంలో లక్షన్నర లోపు. ఇద్దరు ఎమ్మెల్యేలు, సభలో చెరొక ఓటు. భద్రాచలం మరీ అంతగా చిక్కిపోవడానికి ఇంకో కారణమూ ఉంది. పోలవరం ముంపు పేరుతో దాని మండలాలు కొన్ని 2014లో ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిపోయాయి.

మీ చేతిలో పది శాతం వెసులుబాటు మళ్లీ ఉంటుందనుకుంటే, దాన్ని ఎవరి కోసం వాడతారన్నది అసలు ప్రశ్న. నగరాల చుట్టూ జనం పోటెత్తుతున్న చోట సీట్లను సగటు కన్నా కాస్త చిన్నగా గీస్తే, పదిహేనేళ్ల తర్వాత కూడా అవి మరీ ఉబ్బిపోవు. ఏజెన్సీలో సీట్లనూ చిన్నగానే గీయాలి, అక్కడ జనం పలుచన, దారులు కష్టం. రెండూ చేస్తే మధ్యలో ఉన్న మైదాన ప్రాంతం మీద భారం పడుతుంది, అక్కడి సీట్లు సగటు కన్నా లావవుతాయి. అందరినీ మెప్పించే దారి లేదు. నన్నడిగితే మొదటి హక్కు ఏజెన్సీది. నగర శివార్లలో ఇవాళ గీత ఎలా గీసినా జనం దాన్ని దాటుకుని పెరుగుతారు, కొండల్లో దూరం మాత్రం ఎప్పటికీ తగ్గదు. మీరు వేరేలా అనుకోవచ్చు. అనుకుంటే ఆ మాట ముసాయిదాలోనే రాయండి.

దూరం సంగతి వచ్చింది కాబట్టి అరకు లోక్‌సభ సీటు పటం ఒకసారి మీ బల్ల మీద పరుచుకోండి. పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు, అరకులోయ, పాడేరు, రంపచోడవరం. ఏడింటిలో ఆరు ఎస్టీ సీట్లు, పార్వతీపురం ఎస్సీ. పాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, తూర్పుగోదావరి జిల్లాల కొండ అంచులన్నీ కలిపి కుట్టిన సీటు ఇది. ముంపు మండలాల్లో కొన్నింటిని తర్వాత రంపచోడవరంలో కలిపారు. దాంతో వంశధార ఒడ్డున ఉన్న భామిని నుంచి, శబరి గోదావరిలో కలిసే కూనవరం దాకా ఒక్కరే ఎంపీ. ఈ చివర గిరిజనుడు ఆ చివరకు వెళ్లాలంటే కొండ దిగి, మైదానంలో తిరిగి, మళ్లీ కొండెక్కాలి. చట్టంలోని 9వ సెక్షన్ ఏమంటుంది? వీలైనంత వరకు నియోజకవర్గం భౌగోళికంగా ఒకే ముద్దగా ఉండాలి, రాకపోకల సౌకర్యం చూడాలి, ప్రజల వీలు చూడాలి.

ఇలా గీయడానికి ఓ కారణం లేకపోలేదు. మన్యాన్ని మైదాన సీట్లకు ముక్కలుగా పంచేస్తే గిరిజనులు ఎక్కడికక్కడ మైనారిటీ అయిపోతారు, పార్లమెంటులో వాళ్ల గొంతు ఉండదు. ఒక తాటి మీదికి తెస్తే ఒక ఎంపీ అయినా వాళ్ల మనిషి అవుతారు. ఆ వాదన నాకు సబబుగానే తోస్తుంది. కానీ దాని ఖరీదు మోసేది కూడా ఆ గిరిజనులే. 2022లో రాష్ట్ర ప్రభుత్వం లోక్‌సభ సీటుకొక జిల్లా అన్న లెక్కన కొత్త జిల్లాలు చేసినప్పుడు అరకు దగ్గర మాత్రం ఆగి, పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు అని రెండు జిల్లాలు చేసింది. ఒక కలెక్టరుకు పెద్దదని ప్రభుత్వమే ఒప్పుకున్న ప్రాంతం ఒక ఎంపీకి సరిపోతుందా? సీట్లు పెరిగితే దీన్ని రెండు చేయండి. పెరగకపోతే ఎందుకు ఇలాగే ఉంచుతున్నారో గిరిజనులకు అర్థమయ్యే భాషలో చెప్పండి.

ఇలాంటిది ఒక్క మన దగ్గరే కాదు. జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ సంఘం 2022లో జమ్మూకశ్మీర్‌లో అనంతనాగ్–రాజౌరీ అని ఒక లోక్‌సభ సీటు గీసింది. మధ్యలో పీర్ పంజాల్ పర్వతాలు. రెండు పక్కలనూ నేరుగా కలిపే మొఘల్ రోడ్డు చలికాలం మంచుతో మూసుకుపోతుంది. 2024లో ఆ సీటుకు మే 7న జరగాల్సిన పోలింగును రాకపోకల ఇబ్బంది, వాతావరణం కారణాలుగా మే 25కి జరపాల్సి వచ్చింది. పటం మీద గీత గీసేటప్పుడు కొండ కనిపించలేదని అనుకోలేం.

జిల్లాల మాట అన్నాను కదా, అక్కడో విచిత్రమైన మెలిక ఉంది. చట్టం మిమ్మల్ని పరిపాలనా హద్దులను గౌరవించమంటుంది. మామూలుగా చూస్తే మంచి మాటే. కానీ ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు ఆ హద్దులు ఎక్కణ్నుంచి వచ్చాయి? చిన్నచిన్న సర్దుబాట్లు మినహా లోక్‌సభ నియోజకవర్గాల నుంచే. ఆ నియోజకవర్గాలు 2001 జనాభాను బట్టి గీసినవి. ఇప్పుడు మీరు జిల్లా హద్దు దాటకూడదని పట్టుబడితే, పాతికేళ్ల కిందటి జనాభా లెక్కే కొత్త వేషంలో మళ్లీ మీ ముసాయిదాలో కూర్చుంటుంది. తెలంగాణలో కథ దీనికి తలకిందులు. అక్కడ 2016లో మొదలైన జిల్లాల విభజన నియోజకవర్గాలను పట్టించుకోలేదు. హుస్నాబాద్ అసెంబ్లీ సీటులో కొన్ని మండలాలు సిద్దిపేట జిల్లావి, చిగురుమామిడి, సైదాపూర్ కరీంనగర్‌వి, భీమదేవరపల్లి, ఎల్కతుర్తి హనుమకొండవి. ఒక ఎమ్మెల్యే, ముగ్గురు కలెక్టర్లు. రోడ్డు గురించి అడిగితే ఏ జిల్లా పరిషత్తో ముందు తేల్చుకోవాలి. తెలంగాణకు జిల్లా హద్దు పట్టుకోవడమే న్యాయం, ఆంధ్రకు దాన్ని అనుమానించడం న్యాయం. ఒకే రూలు రెండు రాష్ట్రాలకూ అచ్చుగుద్దినట్టు వేయకండి.

అసెంబ్లీ సీట్ల సంఖ్య మీద మా రెండు రాష్ట్రాలకూ ఒక పాత ఆశ ఉందని మీకు తెలుసు. 2014 పునర్వ్యవస్థీకరణ చట్టం 26వ సెక్షన్‌లో 175ను 225కు, 119ని 153కు పెంచుతామని రాశారు. అసెంబ్లీ సీట్ల సంఖ్యను 2026 తర్వాతి జనగణన దాకా కదలనివ్వని 170వ అధికరణానికి లోబడి అని ఓ మాట చేర్చడంతో అది అక్కడే ఆగిపోయింది. ఆ పెంపు కోరుతూ వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు కూడా 2025 జులైలో కొట్టేసింది. దాని మీద ఇక్కడ ఎక్కువ రాయను.

మీ ముందుకొచ్చే జనాభా అంకె గురించి మాత్రం ఒక మాట. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టి జనగణనకు నోటిఫికేషన్ ఇచ్చారు. ఫిబ్రవరి, మార్చి అంటే పాలమూరు నుంచి, అనంతపురం, కర్నూలు పడమటి మండలాల నుంచి, ఉత్తరాంధ్ర నుంచి జనం పనుల కోసం వలసపోయి ఉండే కాలం. లెక్కలు తీసే రోజులన్నీ మనిషి ఊళ్లో లేకపోతే, దొరికిన చోటే లెక్కేయడం మన జనగణన పద్ధతి. అంటే ఓటు ఊళ్లో ఉంటుంది, తల లెక్క బెంగళూరులోనో హైదరాబాదులోనో పడుతుంది. దుక్కి ఎండిన మండలం మనుషుల్ని పోగొట్టుకుంటుంది, ఆపైన సీటులో వాటానూ పోగొట్టుకుంటుంది. మీరు జనగణన అంకెనే వాడాలి, అది చట్టం. కానీ జనాభాతో పాటు ఆ మండలం ఓటర్ల సంఖ్యనూ పక్కనే వేసి చూడండి. రెండింటికీ మరీ పొంతన లేని చోట మీ పది శాతం వెసులుబాటు వాడటానికి అంతకన్నా మంచి కారణం ఏముంటుంది?

రిజర్వ్‌డ్ సీట్ల దగ్గర అనుమానాలు ఎక్కువ పుడతాయి. ఎస్టీ సీట్లకు సూత్రం సూటిగా ఉంది, గిరిజనుల శాతం ఎక్కడ ఎక్కువైతే అక్కడ. ఎస్సీ సీట్లకు రెండు షరతులున్నాయి: శాతం ఎక్కువగా ఉండాలి, రాష్ట్రంలో వేర్వేరు చోట్ల పరుచుకోవాలి. ఈ రెండో షరతు దగ్గరే మీకు ఎంచుకునే స్వేచ్ఛ వస్తుంది, పుకార్లు కూడా అక్కడే పుడతాయి. ఫలానా నాయకుడి సీటు తప్పించడానికే పక్కదాన్ని రిజర్వ్ చేశారంటారు. నిజం కాకపోవచ్చు. కానీ ఒక జిల్లాలో నాలుగు సీట్ల ఎస్సీ శాతాలు పక్కపక్కన వేసి, ఇందుకే దీన్ని ఎంచుకున్నాం అని రెండు వాక్యాలు రాస్తే ఆ పుకారుకు చోటే ఉండదు. ఈసారి మహిళలకు మూడో వంతు సీట్లు కేటాయించే 106వ సవరణ కూడా డీలిమిటేషన్‌తోనే ముడిపడి ఉంది. ఏ సీట్లన్నది ఏ పద్ధతిలో తేల్చినా, దాని లెక్క ముందే బయట పెట్టకపోతే ఈ గొడవ మూడింతలవుతుంది.

ఇక మీరు చేయగలిగినవి, కొత్త చట్టమేదీ అక్కర్లేనివి చెబుతాను. ముసాయిదా కన్నా ముందే గ్రామం, వార్డు వారీ జనాభా పట్టికను అందరికీ ఇవ్వండి. అప్పుడు మా సర్పంచులు, టీచర్లు, కాలేజీ పిల్లలు వాళ్ల గీత వాళ్లే గీసి మీ ముందు పెట్టగలరు. వద్దు అని అరవడం కాదు, ఇలా కూడా కుదురుతుంది అని చూపించగలరు. పటాలు తెలుగులో ఉండాలి, ప్రతి మండల ఆఫీసులో గోడకు ఉండాలి. సగటు కన్నా ఐదు శాతానికి మించి తేడా ఉన్న ప్రతి సీటుకూ కారణం రాయాలి. బహిరంగ విచారణ రాజధానిలో ఏదో హాల్లో పెడితే నాయకులు బస్సులేసి మనుషుల్ని తెస్తారు, కూనవరం మనిషి మాత్రం రాలేడు. జిల్లాకు ఒక విచారణ పెట్టండి, ఏజెన్సీలో కనీసం డివిజనుకు ఒకటి. బ్రిటన్‌లో 2023తో ముగిసిన హద్దుల సమీక్షలో ఇంగ్లండ్ సంఘం మూడు విడతలుగా జనాన్ని అడిగింది, వచ్చిన అభిప్రాయాలన్నీ అందరూ చదివేలా బయట పెట్టింది. మన దగ్గర జనం ఎక్కువ, టైం తక్కువ అంటారేమో. ఓటర్ల జాబితాలో పేరు పేరుకూ అభ్యంతరాలు తీసుకుని పరిష్కరించే ఎన్నికల యంత్రాంగం ఉన్న దేశం మనది.

మీతో పాటు కూర్చునే మా అసోసియేట్ సభ్యులకు కూడా ఈ ఉత్తరం కాపీ పంపుతున్నట్టే అనుకోండి. రాష్ట్రానికి ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు. అసోసియేట్ సభ్యులారా, సంఘంలో మీకు ఓటు లేదు, సంతకం పెట్టే హక్కూ లేదు. నిజమే. కానీ సంఘంతో విభేదిస్తే మీ ప్రతిపాదనను కూడా ముసాయిదాతో కలిపి అచ్చేయమని అడిగే హక్కు చట్టం ఇచ్చింది. గదిలో ఊరుకుని బయటికొచ్చి ప్రెస్‌మీట్‌లో అన్యాయం అనే అలవాటు ఈసారి మానుకోండి. మీ సొంత సీటు పదిలంగా ఉందో లేదో చూసుకుంటారని మాకు తెలుసు, తప్పుపట్టం. దాంతో పాటు పక్క సీటు పటం కూడా ఒకసారి చూడండి.

అధ్యక్షా, చివరగా ఒక్క విన్నపం. అభ్యంతరం రాసిన ప్రతి గ్రామ సభకూ, ప్రతి మనిషికీ తుది గెజిట్ కన్నా ముందే జవాబు అందాలి. ఒప్పుకోలేదంటే ఒప్పుకోలేదని, ఎందుకో ఒక వాక్యంలో, తెలుగులో.

ఇట్లు,
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ చుట్టాలున్న ఒక ఓటరు